రెండో షిఫ్టు బాక్సులు

ఆ ఉదయం ఆకాశం మాడిన గిన్నె అడుగులా నల్లగా ఉంది. వాన కురవదు, వెలుగు రాదు. అలాంటి పూట ఆమె మొదటిసారి ఆ భోజనశాలకు వచ్చింది. కిటికీ పక్క బల్లకు గొడుగు ఆనించి, వడ్డిస్తున్న అతన్నే నేరుగా అడిగింది.

"ఎదురుగా ఉన్న కంపెనీకి భోజనాలు పంపేది మీరేనా?"

అతను తల ఊపాడు.

"రెండో షిఫ్టుకి ఎన్ని బాక్సులు పోతాయి?"

"మూడొందల పది."

ఆ పూటకు అతను మాట్లాడింది అంతే. అయినా అతని విషయంలో అదే ఎక్కువ. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న అతని అక్క తలుపులోంచి తొంగి చూసింది.

"బెల్లం కొట్టిన రాయి నోరు విప్పిందే!"

వీధిలో అందరూ అతన్ని 'రాయి' అనే పిలుస్తారు. అతనికి కోపం రాదు. వచ్చినా ఎవరికీ తెలియదు.

ఎదురుగా ఉన్నది ఫోన్లలో పెట్టే చిప్పులు తయారుచేసే కంపెనీ. నాలుగంతస్తులు. ఆమె అన్నం తింటూ మూడో అంతస్తు కిటికీల వంక చూస్తూ ఉండేది. తిన్నాక కురచ పెన్సిలుతో పుస్తకంలో ఏదో రాసుకునేది. ఎడమ చెప్పు అంచు కుట్టు ఊడిందని, ఆ కాలిని కుర్చీ కింద దాచుకుంటుందని అతను రెండో రోజే గమనించాడు. రోజూ ఒకటే ప్రశ్న. ఎన్ని బాక్సులు?

"మీరు రోజంతా ఇంతేనా మాట్లాడేది, రాయిగారూ?" అంది ఒకనాడు.

"అంకె అడిగారు. చెప్పాను."

"అంకె కాకుండా ఇంకేదైనా అడిగితే?"

అతను కూర గరిట ఎత్తాడు. "కూర ఇంకొంచెం వెయ్యనా?"

ఆమె గరిట పట్టుకున్న అతని చెయ్యి వంక చూసి నవ్వింది. ఆ మధ్యాహ్నం అతను ఉప్పు వేసిన పప్పులోనే మళ్లీ ఉప్పు వేశాడు. అక్క రుచి చూసి పప్పులో చెంబుడు నీళ్లు పోసింది.

రెండో వారం అంకె జారడం మొదలుపెట్టింది. రెండొందల తొంభై. రెండొందల అరవై.

"తగ్గాయా?" అంది ఆమె. పెన్సిలు ఆగిపోయింది.

ఆమె ఆలోచిస్తోంది, అంతే. అతనికి మాత్రం అది విసుగులా కనబడింది. తగ్గుతున్న చోటికి ఎవరు వస్తారు? బాక్సులు నూట తొంభైకి దిగిన రోజున ఆమె అడిగింది.

"ఇవాళ ఎన్ని?"

"మూడొందల నలభై" అంది అతని నోరు.

ఆమె మొహం విప్పారింది. ఆ తర్వాత పది రోజులూ అతను ఆ మొహం కోసమే అంకెలు పెంచుతూ పోయాడు.

ఆ పదో రోజున, గురువారం, వాన దంచి కొట్టింది. ఆమె తడిసి వచ్చింది. అన్నం కెలికింది గానీ తినలేదు.

"ఇవాళ్టితో నా పని అయిపోతుంది" అంది. "నేను షేర్ల ఆఫీసులో చేస్తాను. సాయంత్రం మార్కెట్ మూశాక ఈ కంపెనీ మూడు నెలల లాభనష్టాల ఫలితాలు బయటపెడుతుంది. ఈలోపే షేరు కొనాలా వద్దా అని రిపోర్టు ఇవ్వాలి. ఇదే నా మొదటి రిపోర్టు."

అతను చేతిలో గిన్నెతో నిలబడిపోయాడు.

"కాగితాలు చూస్తే కొనాలనీ ఉంది, వద్దనీ ఉంది. రాత్రంతా కొట్టుమిట్టాడా. చివరికి మీ బాక్సులే తేల్చాయి. మనుషులు పెరుగుతున్నారంటే ఆర్డర్లు పెరిగినట్టేగా? కొనమని రాశాను." ఆమె గొంతు తగ్గించింది. "నాన్న ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపారు. రిటైరయ్యాక వచ్చిందంతా చేతిలో పెట్టుకుని, నా మాట కోసం ఫోన్ దగ్గర కూర్చున్నారు."

ఇప్పుడు చెప్పాలి. అతనికి తెలుసు. నాలుక పైకి లేవలేదు. ఆమె గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

అక్క తడి చెయ్యి చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఏరా, మొహం అలా పాలిపోయిందేం?"

చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఒకే ఊపిరిలో ఆరు మాటలు చెప్పాడు.

"ఇంకా ఇక్కడే నిలబడ్డావేంరా?" అంది అక్క.

వానలో షేర్ల ఆఫీసు వాకబు చేసుకుంటూ అతను వెళ్లేసరికి రెండుంముప్పావు. మూడున్నరకు మార్కెట్ మూస్తారు. కబురంపితే ఆమె మెట్లు దిగి వచ్చింది. అతని చొక్కా నుంచి నీళ్లు కారి గచ్చు మీద మడుగు కడుతున్నాయి.

"నూట డెబ్బై" అన్నాడు.

"ఏంటి?"

"నిన్న పోయినవి. మొన్న నూట ఎనభై. పది రోజులుగా నేను చెప్పిందంతా అబద్ధం."

ఆమె మెట్ల కమ్మీ పట్టుకుంది. "ఎందుకు?"

"తగ్గాయంటే మర్నాటి నుంచి మీరు రారేమో అనుకున్నా."

ఆమె అతని వంక చూసిన చూపులో కోపం ఇంకా రాలేదు. కోపానికి ముందుండే ఖాళీ మాత్రం ఉంది. ఫోన్ తీసింది.

"నాన్నా, కొన్నారా? ... ఒంటిగంటకేనా. అమ్మేయండి. ... అవును, కొనమన్నదీ నేనే. అమ్మమంటున్నదీ నేనే. తర్వాత తిట్టండి. ముందు అమ్మండి."

ఫోన్ దించి అతనితో అంది. "ఇప్పుడు పైకెళ్లి రిపోర్టు వెనక్కి తీసుకోవాలి. ఎందుకని అడుగుతారు. అన్నం బాక్సులు లెక్కపెట్టాను, ఆ లెక్కా తప్పని చెప్పాలి." ఆమె మెట్ల వైపు తిరిగింది. "మీరు వెళ్లండి."

సాయంత్రం ఫలితాలు వచ్చాయి. ఆర్డర్లు సగానికి సగం పడిపోయాయి. మర్నాడు పొద్దున షేరు రాయిలా కిందికి జారింది. సోమవారానికి మూడో అంతస్తులో దీపాలు ఆరిపోయాయి.

అక్క పెద్ద గుండిగ తోమి బోర్లించింది. చిన్నది పొయ్యి మీదికెక్కింది.

"ఆ పిల్లతో ఒక్కదానితోనే కాదు, నీతో నువ్వే అబద్ధం చెప్పుకున్నావు" అంది. "లెక్కలు చూసేది నువ్వే. నిజం మొహం చూసుంటే ఈ పది రోజుల్లో ఇంకోచోట ఆర్డరు వెతుక్కునేవాళ్లం కదరా."

అతను గుడ్డ తీసుకున్నాడు. కిటికీ పక్క బల్ల తుడిచాడు. ఎవరూ కూర్చోని బల్లను రోజుకు రెండుసార్లు తుడిచాడు.

వారం గడిచింది. చినుకు పడుతున్న ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర గొడుగు మూసిన చప్పుడైంది. ఎడమ చెప్పుకు కొత్త కుట్టు పడి ఉంది. ఆమె కిటికీ పక్కనే కూర్చుంది.

"నాన్నకు కొంత పోయింది. చాలావరకు నిలిచింది" అంది బల్ల వంక చూస్తూ. "నన్ను కిటికీ లేని మూలకు మార్చారు. రిపోర్టులు ఇంకొకరు రాస్తున్నారు."

అతను ఆమె ముందు నీళ్ల గ్లాసు పెట్టాడు.

"ఎన్ని?" అంది.

"డెబ్బై ఆరు."

ఆమె పుస్తకం తీయలేదు. పెన్సిలూ లేదు.

"రేపు?"

"తెలీదు. తగ్గొచ్చు."

"తగ్గితే తగ్గాయని చెప్పండి." ఆమె తలెత్తింది. కళ్ల కింద నిద్ర లేని చారలున్నాయి. "నేను వస్తాను. కోపం ఇంకా పోలేదు. అయినా వస్తాను."

కాలితో ఎదుటి కుర్చీని కొంచెం బయటికి నెట్టింది. ఆ చోట ఇన్నేళ్లుగా అందరికీ వడ్డించినవాడు, ఎప్పుడూ ఆ కుర్చీలో కూర్చోనివాడు, కూర్చున్నాడు.

అక్క రెండు కంచాలు తెచ్చి పెట్టింది. ఇద్దరి మొహాలూ చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎదురుగా మూడో అంతస్తు కిటికీలు చీకటిగా ఉన్నాయి. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది. ఇద్దరూ చివరి మెతుకు దాకా తిన్నారు.