తేజ్‌పూర్‌లో చలి ఎక్కువా?

తొంభై అయిదులో, ఢిల్లీలో, తెలుగు సంఘం వాళ్ళ ఉగాది సభలో, మాణిక్యాంబ గారు పక్క కుర్చీలో ఉన్న కెప్టెన్ నరసింహులుతో "ఏదో ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి రావాలి బాబూ" అన్నారు. ఆవిడ ఆ మాట ఆ సాయంత్రం ఇంకో నలుగురితో కూడా అన్నారు. అడ్రసు అడిగి రాసుకున్నది మాత్రం నరసింహులు ఒక్కడే.

ఆ వచ్చే ఆదివారమే, మిట్టమధ్యాహ్నం, కిలో ద్రాక్షపళ్ళతో ఆర్.కె. పురంలో వాళ్ళ క్వార్టర్ ముందు నిలబడి బెల్లు కొట్టాడు.

తలుపు తీసింది ఆవిడ కూతురు. తలకి గోరింటాకు పట్టించుకుని, పైన ప్లాస్టిక్ సంచి చుట్టుకుని ఉంది. అతన్నీ, పళ్ళనీ మార్చి మార్చి చూసి, ఎవరు కావాలని అడిగింది.

"భోజనానికొచ్చిన" అన్నాడు నరసింహులు.

ఇంట్లో ఆ పూటకి చద్దన్నంతో కలిపిన పులిహోర తప్ప ఏమీ లేదు. మాణిక్యాంబ గారు కంగారుగా వంటింట్లోకి వెళ్ళారు. ఆవిడ భర్త భీమేశ్వరరావు గారు లుంగీ మీద చొక్కా తొడుక్కుని వచ్చి, ఎండల గురించి ఎంత మాట్లాడవచ్చో అంతా మాట్లాడారు. ఎట్టకేలకు పప్పు, వంకాయ కూర, చారు తయారయ్యాయి. నరసింహులు తృప్తిగా తిన్నాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ అలవాటుగా "అప్పుడప్పుడూ వస్తూ ఉండు నాయనా" అంటే, వచ్చే ఆదివారమా, ఆ పై ఆదివారమా అని అడిగాడు.

అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఇక ఆ అమ్మాయి వల్ల కాలేదు. సాగనంపే వంకతో గేటు దాకా వచ్చి, గోడ పట్టుకుని మరీ నవ్వింది. పేరు ప్రవల్లిక. యూనివర్సిటీలో ఎం.ఫిల్. చేస్తోంది.

"మా అమ్మ మాట వరసకి రమ్మందండీ" అని చెప్పింది చివరికి.

"అంటే రావద్దనా?"

"రావద్దనీ కాదు."

నరసింహులుకి ఏమీ పాలుపోలేదు. అతను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పని చేస్తాడు. వైర్‌లెస్‌లో ఒక మాటకి ఒకటే అర్థం. రెండున్నాయంటే ఎక్కడో ఎవరో దారి తప్పుతారు. మహబూబ్‌నగర్ దగ్గర వాళ్ళ ఇంట్లోనూ అంతే. వాళ్ళమ్మ రమ్మంటే రమ్మనే, పొమ్మంటే పొమ్మనే.

ప్రవల్లిక చదివేదే మాటల అర్థాల గురించి. గేటు మీద చేతులు ఆన్చి పాఠం మొదలుపెట్టింది. ఢిల్లీ అంటే ఈ ఊరు, అది వాచ్యార్థం. పేపర్లో 'ఢిల్లీ ఒప్పుకోలేదు' అని రాస్తే ఊరు కాదు, ఊళ్ళో ఉన్న సర్కారు, అది లక్ష్యార్థం. నెల రోజులుగా కదలని అల్లుడితో మావగారు 'ఢిల్లీ బండి ఎన్నింటికో' అన్నాడంటే ఇక దయచేయమని, అది వ్యంగ్యార్థం.

"ఆ మూడోది ఎట్ల తెలుస్తది?"

"ఎవరు, ఎవరితో, ఏ సమయంలో అన్నారో చూసుకోవాలి."

మరి మీ పేరుకి అర్థమేమిటని అడిగాడు. పొడుపుకథ అంది. దాన్ని విప్పేదెవరని అతను నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఆమె ఎర్రబడి, గేటు గొళ్ళెం వేసేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అర్థం కాని మాట ఎదురైనప్పుడల్లా అతను ఆమె బస్సెక్కే మునిర్కా బస్టాపుకి రావడం మొదలుపెట్టాడు. కల్నల్ గారి భార్య 'ఈమధ్య బాగా బిజీ అయిపోయావు' అందట, దాని భావమేమిటి? టీ బండి దగ్గర ఆమె విడమరిచి చెప్పేది. రానురాను అతనికి అనుమానాలు ఎక్కువయ్యాయి. ఆమెకి బస్సులు ఆలస్యమయ్యాయి. ఎదుటివాళ్ళ మాట వెనక ఏముందో వెతుక్కుంటూ పెరిగానని, అతని మాట వింటే వెతుక్కోనక్కర్లేదని ఒకరోజు అంది. నరసింహులు కంటోన్మెంటు దాకా ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

జూలైలో అతనికి అస్సాం బదిలీ వచ్చింది. ఆ సాయంత్రం మునిర్కాలో కుండపోతగా వాన. బస్టాపు రేకుల కింద, ఒకే గొడుగులో నిలబడి, ఉన్న సంగతి చెప్పేశాడు.

"తేజ్‌పూర్ పోతున్న. నాకు మిమ్మల్ని పెండ్లి చేసుకోవాలని ఉన్నది. మీకేమనిపిస్తున్నది?"

ప్రవల్లిక వాన వంక చూసింది. చున్నీ కొసని వేలికి చుట్టుకుంది.

"తేజ్‌పూర్‌లో చలి ఎక్కువా?" అంది.

నరసింహులు ఆలోచించి, ఢిల్లీ అంత ఉండదని, వానలు మాత్రం ఎక్కువని చెప్పాడు. ఆమె అతని ముఖంలోకి నమ్మలేనట్టు చూసి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయింది. అది వాళ్ళింటి వైపు వెళ్ళే బస్సు కూడా కాదు.

ఇష్టం లేదు కాబట్టే మాట మార్చిందని అతను అనుకున్నాడు. మర్నాడు ట్రంకుపెట్టె సర్దుతుంటే చేతులు ఆడలేదు. స్వెట్టర్ మడత పెడుతూ, ఇది అవసరమా అని తనని తనే అడిగాడు. అడిగి, చేతిలో స్వెట్టరుతో అలాగే నిలబడిపోయాడు. చలి సంగతి ఎవరడుగుతారు? వెళ్ళేవాళ్ళు అడుగుతారు.

ఆటో దొరికింది కానీ సగం దారిలో వాన నీళ్ళలో ఆగిపోయింది. మిగతా దారి పరుగెత్తాడు. తలుపు తీసిన మాణిక్యాంబ గారు తువ్వాలు తెచ్చేలోపే, నీళ్ళోడుతూ హాల్లో నిలబడి, మీ అమ్మాయిని అడగడానికి వచ్చానని పెద్దవాళ్ళిద్దరికీ చెప్పాడు. భీమేశ్వరరావు గారు పేపరు దించారు. తేజ్‌పూర్ చాలా దూరమని, ఒక్కగానొక్క పిల్లని, అమ్మాయి మనసులో ఏముందో కనుక్కుని నిదానంగా చూద్దామని అన్నారు.

ప్రవల్లిక గది గుమ్మంలోకి వచ్చింది. ఏడ్చినట్టు ముక్కు ఎర్రగా ఉంది.

"నిన్న మీరడిగింది నాకు సమజైందనుకుంటున్న" అన్నాడు నరసింహులు. "తప్పయితే చెప్పండి, పోత."

"తప్పు కాదు" అంది. తండ్రి వైపు తిరిగింది. "నాన్నగారూ, నాకీయనంటే ఇష్టం. ఈయన్ని పెళ్ళి చేసుకుని తేజ్‌పూర్ వెళ్తాను."

ఆ ఇంట్లో అంత తిన్నని మాట అదే మొదటిది. భీమేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, భార్యతో గంభీరంగా అన్నారు.

"ఆ ఊళ్ళో మంచి కందిపప్పు దొరుకుతుందో లేదో. బామ్మర్దికి రాసి ఓ బస్తా తెప్పించాలి."

నరసింహులు అర్థం కోసం ఎవరి వంకా చూడలేదు. వంగి ఆయన పాదాలకి దండం పెట్టాడు.

వాళ్ళమ్మకి ఫోన్ చేద్దామని అతను ఎస్.టి.డి. బూత్‌కి బయల్దేరితే ప్రవల్లిక గొడుగు పట్టుకుని వెంట వచ్చింది. నిన్ననే సరేనని ఉంటే ఏం పోయేదని అడిగాడు.

"సిగ్గేసింది."

"అంటే?"

"సిగ్గంటే సిగ్గేనండీ" అంది, అతని చెయ్యి పట్టుకుంటూ. "దానికింకో అర్థం లేదు."