సముద్రం పక్కన వంటగది

ఆ ఇంట్లో కుట్టు మిషను చప్పుడుతోనే తెల్లవారుతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో కోడలు ఆ చప్పుడు విని వాన అనుకునేది. దుప్పటి మెడదాకా లాక్కుని, 'అబ్బ, ఎంత బాగా కురుస్తోందో!' అని మురిసిపోయేది. కిటికీ తీస్తే కళ్ళు చెదిరే ఎండ. ఆ సంగతి బయటపెట్టిన రోజు ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇప్పటికీ మెలకువ రాగానే ఒక్క క్షణం అది వానేనని నమ్మడం ఆమెకి ఇష్టం.

ఆ ఆదివారం కూడా అలాగే లేచి, నలుగురికీ టీ కలిపి హాల్లోకి తెచ్చింది. కిటికీ పక్కన అత్తగారు మిషను ముందు కూర్చుని ఉంది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. బళ్ళు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఆమె చుట్టూ యూనిఫారాల గుడ్డ నీలం కొండలా పేరుకుంది. కాళ్ళు పొద్దున్నే ఉబ్బి ఉన్నాయి. మడమల దగ్గర చెప్పుల పట్టీ ముద్ర నిన్నటిది ఇంకా పోలేదు.

"కాళ్ళకి విశ్రాంతి ఇవ్వమ్మా. నువ్వివ్వకపోతే అవే తీసుకుంటాయి," అని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో కోడలికి సముద్రం ఆలోచన వచ్చింది. ఓ నాలుగు రోజులు అందరూ వెళ్ళి, అత్తయ్యని అలల ముందు కూర్చోబెట్టాలి. అంతే. ఆ ఇంట్లో ఆమె చెప్పిన మొదటి పెద్ద మాట అది. అందరూ సరేనన్నారు. ఆ రాత్రి ఆమె భర్త చెవిలో, "మీవాళ్ళు నా మాట విన్నారండీ!" అని కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది.

"అయితే ఇవాళ ప్లాను తేల్చేద్దాం," అన్నాడు మామగారు పేపరు మడుస్తూ. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మైదానం పోయినా గొంతు మిగిలింది. ఉప్పు అందుకోమన్నా 'అటెన్షన్' చెప్పినట్టే ఉంటుంది. "ఊరికే ఇసకలో కూర్చోవడానికి అంత దూరం వెళ్ళాలా? కుర్చీలు మనింట్లో లేవూ?"

"అదే నేనూ అంటున్నా," అన్నాడు కొడుకు. "అలలు ఎంతసేపు చూస్తాం? వస్తాయి, పోతాయి. అక్కడ పడవ షికారు ఉంది. లైట్‌హౌస్ ఎక్కనిస్తారు. మడ అడవిలోకి తెడ్డు పడవ వేసుకుని మనమే వెళ్ళొచ్చు."

"చేపల మ్యూజియం కూడా ఉందటండీ!" అంది కోడలు. ఆమెకి పట్టపగ్గాల్లేవు. "గాజు సొరంగంలో నడుస్తుంటే చేపలు మన నెత్తిమీంచి పోతాయట. సైకిళ్ళు అద్దెకిస్తారు. కుండలు చేయడం నేర్పిస్తారు. మామయ్యా, మీరు కుండ చేస్తారా?"

"చేస్తానమ్మా. మీ అత్తయ్య దాన్ని చూసి గంగాళమంటుంది, అది వేరే సంగతి."

అందరూ నవ్వారు. గుండుసూదులు ఉండడంతో అత్తగారు నవ్వలేదు.

"అత్తయ్యా, మీకేది ఇష్టం?"

ఆమె సూదులు తీసి పక్కన గుచ్చింది. "మీ ఇష్టం," అంది. మిషను మళ్ళీ మొదలైంది.

ఆ రెండు మాటల్ని కోడలు ఒప్పుకోలుగానే తీసుకుంది. అత్తయ్య ఎంత మంచిదో అనుకుంది. పనిచేసే చోట, కళ్ళజోళ్ళ షాపులో, చూపు పరీక్షకి వచ్చినవాళ్ళకి కూడా సముద్రం కబుర్లే చెప్పింది.

ఆ వారమంతా ప్లాను ఊరింది. లైట్‌హౌస్ దగ్గర ఫోటోకి నలుగురం ఒకే రంగు చొక్కాలు వేసుకుందామని కోడలికి తోచింది. లేత పసుపు గుడ్డ తెచ్చింది. "మీ చేతి కుట్టయితే ఎంత బాగుంటుందో అత్తయ్యా!" అంది. అత్తగారు గుడ్డని వేళ్ళమధ్య నలిపి చూసి, "మంచి గుడ్డ," అని యూనిఫారాల మీద పెట్టింది. కొడుకు తెడ్డు పడవలో ఫోన్లు తడవకుండా లోపల ప్లాస్టిక్ వేసిన సంచి ఒకటి కుట్టమన్నాడు. మామగారికి సైకిలు తొక్కడానికి పాత నిక్కరు నడుము వదులు చేయాల్సి వచ్చింది. దారిలో తినడానికి ఏమైనా చేసి పెట్టుకుంటే మంచిదని కూడా ఆయనే అన్నాడు. బయటి తిండి తన ఒంటికి పడదు మరి.

ప్రతిదానికీ ఆమె "సరే" అంది. మిషను ఇంకాస్త ముందు మొదలై, ఇంకాస్త ఆలస్యంగా ఆగింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా కోడలు ఫోను ఎత్తి చూపించింది. ముఖం వెలిగిపోతోంది.

"ఇల్లు దొరికేసింది! హోటలు కాదు, ఇల్లే. వరండాలోంచి సముద్రం కనిపిస్తుంది. అన్నిటికన్నా మంచి సంగతేంటో తెలుసా? వంటగది ఉంది! స్టవ్వు, గిన్నెలు, ఫ్రిజ్జు, అన్నీ. మామయ్యకి బయటి తిండి పడదుగా, హాయిగా ఇంటి భోజనమే చేసుకోవచ్చు!"

"భేష్!" అన్నాడు మామగారు.

అత్తగారు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

"నేను రాను," అంది.

"ఎక్కడికి?" అన్నాడు కొడుకు.

"సముద్రానికి. మీరు ముగ్గురూ వెళ్ళిరండి."

మామగారు మంచినీళ్ళ గ్లాసు ఠపీమని కింద పెట్టాడు. "ఇదేం మాట? ఇంతమందిమి నీకోసం తలలు బద్దలు కొట్టుకుంటుంటే?"

"నాకోసమా?" ఆమె గొంతు పెద్దది కాలేదు. అలసిపోయిన గొంతు, అంతే. "మీరు పడవెక్కితే తల తిరుగుతుంది. పట్టుకునేదెవరు? వీడు మడ అడవిలో బురద పూసుకొస్తాడు. ఆ బట్టలు పిండేదెవరు? లైట్‌హౌస్ ఎక్కుతారు, నా కాళ్ళతో నేనెక్కలేను. కింద కూర్చుని మీ చెప్పులూ సంచులూ కాపలా కాస్తాను. వెనకటికి మీ బడి పిల్లల్ని సముద్రానికి తీసుకెళ్ళారు, నన్నూ రమ్మన్నారు, గుర్తుందా? ఊరందరూ అడిగారు, సముద్రం ఎలా ఉందని. ఏం చెప్పను? నేను చూసింది సంచులు."

ఆమె ఎంగిలి చెయ్యి పళ్ళెం అంచుకి తుడుచుకుంది.

"ఇప్పుడు వంటగది కూడా. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, సెలవుకి వెళ్తూ పొయ్యిని మోసుకెళ్ళడం ఎక్కడైనా ఉందా?" ఆమె కోడలి వైపు తిరిగింది. "రోజంతా ఊళ్ళోవాళ్ళ చూపు పరీక్షిస్తావు కదమ్మా. నేను నీ ఎదురుగానే కూర్చుని ఉన్నాను."

ఆ మాట అన్న మరుక్షణమే ఆమె ముఖం చిన్నబోయింది. కుర్చీ వెనక్కి నెట్టి, బల్ల అంచు పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. కోడలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"చూశావా, అమ్మ ఎప్పుడూ ఇలా అనలేదు," అన్నాడు భర్త మెల్లగా.

"ఎప్పుడూ అననందుకే ఇంతదాకా వచ్చిందేమో," అంది ఆమె. పళ్ళేలు తీసి, తోమి బోర్లించింది. అవన్నీ అయ్యేసరికి ఆమెకే నడుం పట్టేసినట్టయింది. తర్వాత అత్తగారి గదిలోకి వెళ్ళి మంచం కొసన కూర్చుంది.

అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "నా కోపం నీ మీద కాదు తల్లీ."

"ఉన్నా తప్పులేదు అత్తయ్యా. వంటగది ఉందని ఎగిరి గంతేసింది నేనే కదా." ఆమె ముక్కు తుడుచుకుంది. "అక్కడ మీకు ఏం చేయాలని ఉందో చెప్పండి. అదే చేద్దాం."

అత్తగారు నిద్రపోయిందేమో అనుకుని కోడలు లేవబోయింది.

"నవ్వనంటే చెబుతాను," అంది అత్తగారు గోడకే. "నాకు ఈ ఇల్లు ఖాళీగా ఉంటే చూడాలని ఉంది."

"ఖాళీగానా?"

"కాపురానికి వచ్చినప్పటినుంచీ ఈ ఇంట్లో నేనొక్కదాన్నీ ఉన్న పూట లేదు. ముందు మా అత్తగారు, మామగారు. తర్వాత పిల్లాడు. ఈయన బడి నుంచి రాగానే టీ. మీరు వెళ్ళండి. నేను తలుపేసుకుని పడుకుంటాను. ఆకలేస్తే బ్రెడ్డు తింటాను. 'ఏమోయ్' అని పిలిచేవాళ్ళు ఉండకూడదు. నాకు అదే సముద్రం."

కోడలు నవ్వలేదు. ఆ ఉబ్బిన పాదాల్ని తన ఒళ్ళోకి తీసుకుంది. అత్తగారు వద్దని లాక్కోబోయి, ఓపిక లేక వదిలేసింది.

సాయంత్రం మామగారి ముందు ఆ మాట కోడలే చెప్పింది. ఆ ఇంట్లో ఆమె చెప్పిన రెండో పెద్ద మాట అది, దీనికి మాత్రం ఎవరూ సరేననలేదు.

"బావుంది! కొత్త కోడలు వచ్చీరాగానే అత్తని ఇంట్లో పడేసి షికారుకెళ్ళిందంటారు జనం," అన్నాడు భర్త.

"నన్ను కదా అనేది? అననివ్వండి."

మామగారు నేరుగా గుమ్మం దగ్గరికెళ్ళాడు. "ఏమోయ్, నేను లేకపోతేనా నీకు విశ్రాంతి?"

లోపల్నుంచి, కాస్త ఆలోచించి ఇచ్చిన జవాబు వచ్చింది. "అవునండీ."

ఆయన మైదానం గొంతు ఆ పూటకి మళ్ళీ వినిపించలేదు. మర్నాడు పొద్దున మాత్రం, ఎవరినీ చూడకుండా, "సరే. నాలుగు రోజులు. ఫోను కూడా చేయం," అన్నాడు.

"చేస్తే 'ఆ డబ్బా ఎక్కడుంది' అనడానికే చేస్తారు," అంది ఆమె మిషను దగ్గర్నుంచి. పసుపు గుడ్డ మడిచి కోడలి చేతికిచ్చింది. "ఇది మాత్రం నావల్ల కాదమ్మా." చొక్కాల ఊసు అంతటితో పోయింది.

ముగ్గురూ వెళ్ళారు. సముద్రం నిజంగానే బావుంది. మొదటి సాయంత్రం అలల అంచున నిలబడినప్పుడు కాళ్ళకింది ఇసక జారిపోతుంటే కోడలికి చక్కిలిగింతలు పుట్టాయి. భర్త చెయ్యి పట్టుకుని కేరింతలు కొట్టింది.

కానీ అద్దె ఇంటికొచ్చేసరికి పొయ్యి ఎదురుచూస్తోంది. కోడలు తరిగింది, భర్త మాడ్చాడు, మామగారు ఏమీ అనకుండా తిన్నాడు. తెల్లారి పడవలో ఆయనకి తల తిరిగింది. భర్త బురద బట్టలు రెండుసార్లు ఉతికినా నీళ్ళు నల్లగానే వచ్చాయి. తెడ్డు వేసి వేసి ఇద్దరికీ భుజాలు పట్టేశాయి. చేపల సొరంగంలో ముగ్గురూ నెత్తిమీంచి పోయే చేపల్ని చూడకుండా ఎక్కడైనా బెంచీ ఉందా అని చూశారు.

ఆ సాయంత్రం స్నానాల గదిలోంచి కేక వినిపించింది. "ఏమోయ్! తువ్వాలు!"

వరండాలో భార్యాభర్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. చాలాసేపటికి మామగారు తడి ఒంటి మీదే చొక్కా వేసుకుని బయటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఒక్కత్తీ ఏం చేస్తోందో," అన్నాడు. ఇంకాసేపటికి, "బెంగ పెట్టుకుని ఉంటుంది. పాపం, పైకి చెప్పదు," అన్నాడు.

కొడుక్కీ అదే అనిపించింది. కోడలికి ఏదో అడ్డుచెప్పాలని ఉంది గానీ ఒళ్ళు హూనమై మాట పెగల్లేదు. కుండలు చేసే చోటికి వెళ్ళకుండానే, ఒకరోజు ముందే, మర్నాడు పొద్దున్నే బస్సెక్కేశారు. దారిపొడవునా మామగారి ఒళ్ళో చిన్న పొట్లం. భార్యకని కొన్న శంఖం.

మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. మెట్ల మీద కుట్టు మిషను చప్పుడు వినిపించలేదు. బెల్లు కొడితే చాలాసేపటికి గానీ తలుపు తెరుచుకోలేదు.

గుమ్మంలో అత్తగారు. జుట్టు విరబోసుకుని ఉంది. చెంపమీద దిండు గీతలు. ఆమె వెనక కర్టెన్లన్నీ వేసి హాలంతా చల్లగా, చీకటిగా ఉంది. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. బల్లమీద తిన్న కంచం తిన్నట్టే ఉంది. ఆమె ముఖం మాత్రం వాళ్ళెవరూ ఎరగని ముఖం, పదేళ్ళు చిన్నది.

ఆ ముఖం వాళ్ళని చూసి మెల్లగా వాడిపోయింది.

"అప్పుడే వచ్చేశారా?" అంది.

ఆమె వెంటనే సర్దుకుంది. "అయ్యో, రండి రండి. ఎండన పడి వచ్చారు, ముందు టీ పెడతాను..." అంటూ జుట్టు ముడేసుకోవడానికి చేతులెత్తింది. ఆ చేతులు ఎత్తడంలోనే మళ్ళీ పాత బరువంతా వచ్చి భుజాల మీద కూర్చోవడం కోడలు చూసింది.

"మామయ్యా," అంది గబుక్కున. ఇంకేం అనాలో తెలియలేదు.

అనక్కర్లేకపోయింది. మామగారు భార్య ముఖాన్నే చూస్తున్నాడు. ఎన్నో ఏళ్ళుగా రోజూ చూస్తున్న ముఖం. ఆయన గడపలోపల పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. శంఖం పొట్లం ఆమె చేతిలో పెట్టి, కింద దించిన పెట్టె మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ఒప్పుకున్నది నాలుగు రోజులు. ఇంకా ఒక రోజు ఉంది," అన్నాడు. "పదండర్రా."

"ఎక్కడికి నాన్నా? నడుములు విరిగిపోతున్నాయి!"

"ఏదో ఒక లాడ్జికి. రేపు సాయంత్రం వద్దాం."

"ఏం మనుషులండీ! గుమ్మందాకా వచ్చి వెళ్ళడమేంటి?" అత్తగారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. అరచేత్తో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నిండాయి. "ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?"

"మొగుణ్ణి తరిమేసిందనుకుంటారు. అనుకోనీ."

ఆయన మెట్లు దిగడం మొదలుపెట్టాడు. అలసిపోయిన కాళ్ళు ఒక్కో మెట్టునీ తడుముకుంటున్నాయి.

"ఏవండీ!" అని పిలిచింది ఆమె.

ఆయన ఆగాడు. తిరిగి చూసిన ముఖంలో ఆశ దాచుకోవడం ఆయనకి చేతకాలేదు. కొడుకూ ఆగాడు, భుజం మీది సంచి సగం దించేసి.

"భోజనం చేసి పడుకోండి," అంది ఆమె. ఎంతో ప్రేమగా అంది. తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

మెట్ల మలుపు దగ్గర కోడలు గోడకి చేరగిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్ళెంట నీళ్ళు కారిపోతున్నాయి. మామగారు కిందమెట్టు మీంచి చెయ్యి చాచి ఆమె చేతిలో బరువు సంచి తను అందుకున్నాడు.

"నవ్వింది చాల్లే, నడువమ్మా," అన్నాడు మెల్లగా. "పైకి వినిపిస్తుంది. పడుకోనీ."