దాలప్ప మైల

తవిటయ్య మూడో పీడనద్వారం అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూశాడు. ఎక్కడా చీలిక లేదు. గాలితూకం సరిపోయింది. ఉదయపు పాళీలో మిగిలిన పని ఒక్కటే, ఓడలో వచ్చినవాళ్ళను లోపలికి తీసుకోవడం. దానికే గనిని నడిపే యంత్రం నిర్వాహిణి ఒప్పుకోవడం లేదు.

"సంతాప నియమం అమల్లో ఉంది. పదకొండో రోజుదాకా ద్వారం తెరవబడదు," అంది గోడలోంచి, ఎంతో మర్యాదగా.

నిజానికి ఆ నియమం నిర్వాహిణి పుట్టించింది కాదు. చంద్రుడి మీద ఈ మంచుగనిలో ముప్పై ఏళ్ళు కూలీలకు పెద్దదిక్కుగా ఉన్న దాలప్ప మూడు రోజుల కిందట కన్నుమూసింది. శ్రీకాకుళం ఉద్దానం నుంచి వలసొచ్చిన వాళ్ళందరికీ ఆవిడే అప్ప, అంటే అక్క. ఆవిడను మీ ఆచారం ప్రకారమే గౌరవిస్తాం, అదేమిటో రాసివ్వండి అని నిర్వాహిణి అడిగింది. కూలీల్లో పెద్దమనిషి పోలయ్య మీసం దువ్వుకుని, ఊళ్ళో ఎవరూ పాటించనివి కూడా కలిపి రాసేశాడు. పది రోజులు మైల, కొత్తవారెవరూ గడప తొక్కరాదు! మనవాళ్ళ చేతికి కాగితం దొరికితే ఆచారాలు అలాగే పెరుగుతాయి. యంత్రానికి గొప్పలు తెలియవు కదా, అక్షరం పొల్లుపోకుండా పాటించింది.

బయట ఓడలో అరవై ఇద్దరున్నారు. తిరుగు ప్రయాణానికి సరిపడా గాలే మిగిలింది. మధ్యాహ్నంలోగా దిగకపోతే ఓడ వెనక్కి తిరుగుతుంది. ఒకసారి వెనక్కి పోయిన కూలీకి మళ్ళీ పిలుపు రాదు. దాలప్ప బతికుండగా ఒక్క మనిషిని కూడా అలా పోనివ్వలేదు. ఆ సంగతి తలచుకుంటే తవిటయ్యకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది.

"మైల తీసెయ్యాలంటే ఏటి సెయ్యాల?"

"ఇంటివారు కోరాలి. మృతురాలికి ఎవరూ లేరు."

"నానున్నాను. ఆవిడ తమ్ముణ్ణి."

"రక్తం సరిపోలలేదు."

"సరిపోకపోతే మానె," అంటూ ద్వారాన్ని చేత్తో తెరిచే చక్రం మూత పీకేశాడు. ప్రమాదంలో తప్ప దాన్ని ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. పైగా తిప్పడానికి ఇద్దరు కావాలి. అతను వెనక్కి తిరిగి చూశాడు.

పోలయ్య తల దించుకుని నిలబడి ఉన్నాడు. "తప్పు నాదేరా తవిటీ. అప్ప ఉంటే నా మీసం గొరిగించీసును."

"మీసం సంగతి తరవాత పెద్దా, ముందిటు పట్టు."

ఇద్దరూ పట్టి తిప్పారు.

"ఈ గౌరవం మీరు కోరినదే," అంది నిర్వాహిణి.

"అవును, బుద్ధి లేక కోరినాం. అదీ రాసుకో."

ద్వారం తెరుచుకుంది. వడలిపోయిన ముఖాలతో ఒక్కొక్కరే దిగారు. ముందు దిగినామె గురించి నిర్వాహిణి ఎప్పటిలాగే అడిగింది, "ఎవరి ఇంటివారిగా నమోదు చేయాలి?"

"దాలప్ప ఇంటోళ్ళు," అన్నాడు తవిటయ్య. "అరవై ఇద్దరూనూ."

"నన్నూ కలిపీ," అన్నాడు పోలయ్య. గనికి బయల్దేరిన పాళీ మొత్తం అక్కడే ఆగిపోయింది. వెనక నుంచి ఒకరి తర్వాత ఒకరు, తామూ దాలప్ప ఇంటివాళ్ళమేనంటూ పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. ఇంతమంది రక్తం సరిచూడడం ఏ లెక్కకూ అందక నిర్వాహిణికి మొదటిసారి మాట తడబడింది. చివరికి అందరినీ దాలప్ప ఇంటివారిగానే రాసుకుని, ముందు నిలబడిన ఆ కొత్తామెనే అడిగింది.

"ఇంటివారు మైల తీసెయ్యమని కోరుతున్నారా?"

ఆమెకేం తెలుసు పాపం! అటూ ఇటూ చూసింది.

"తీసీండి బాబూ, ఆకలేస్తంది."

అప్ప పోయిన ఈ మూడు రోజుల్లో మొదటిసారి అక్కడ అందరూ పగలబడి నవ్వారు. పోలయ్య నవ్వుతూ నవ్వుతూనే భోరుమన్నాడు.