మాట పూర్తి కానివ్వండి

ఆ ఉదయం వంటింట్లోంచి నవ్వులు వినిపిస్తుంటే అతనికి ప్రాణం హాయిగా ఉంది. అత్తాకోడళ్లు కలిసి నవ్వుకునే ఇల్లు ఎంతమందికి దొరుకుతుంది? తువ్వాలు భుజాన వేసుకుని కాఫీ కోసం గుమ్మంలోకి వచ్చాడు. అంతే, ఇద్దరూ గప్‌చుప్.

"ఏంటి, నన్ను చూసి ఆపేశారు?"

"ఏం లేదురా, ఊరికే," అంది తల్లి, ఒళ్లో బీన్స్ పెట్టుకుని ఈనెలు తీస్తూ. ఆవిడ తల ఎత్తలేదు.

భార్య స్టవ్ పక్కనున్న లాప్‌టాప్ మూత మెల్లిగా దించింది. పసిపిల్ల నిద్రపోతున్న గది తలుపు వేసినట్టు, చప్పుడు కాకుండా.

"పొద్దున్నే లాప్‌టాప్ ఏంటి వంటింట్లో?"

"ఏదో వంట వీడియోనండీ."

"బీన్స్ వేపుడికి వీడియోనా?"

"కొత్త రకం," అంది ఆమె. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను కాఫీ గ్లాసు తీసుకుని ముందు గదిలోకి వచ్చాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆమె అతనికి అబద్ధం చెప్పడం చూడలేదు. చెప్పడం రాకనే అంత పేలవంగా చెప్పిందని తెలిసిపోతూనే ఉంది.

అతని ఉద్యోగం ఒక పరిశోధన సంస్థలో. పీహెచ్‌డీ పూర్తయి, పక్కా ఉద్యోగం ఇంకా దొరక్క, ఏదో ఒక ప్రొఫెసర్ దగ్గర తాత్కాలికంగా పనిచేసే పోస్ట్‌డాక్‌లకి ఫెలోషిప్ దరఖాస్తు ఎలా రాయాలో నేర్పుతాడు. సొంతంగా ఒక ఫెలోషిప్ సంపాదిస్తేనే వాళ్లకి సొంత ల్యాబ్, సొంత బతుకు. అందుకే అతని క్లాసు ఎప్పుడూ కిటకిటలాడుతుంది. "మీ ప్రపోజల్ చదివేవాడు అప్పటికే పాతిక చదివి అలిసిపోయి ఉంటాడు. మొదటి పేజీలోనే వాడి చెయ్యి పట్టుకోవాలి," అంటాడు. ఎవరు ఏది రాసుకొచ్చినా నిలువునా కొట్టేసి, పైన తనే కొత్త వాక్యం రాసిస్తాడు. క్లాసు పిల్లలు చాటుగా 'కత్తెర మాస్టారు' అంటారని అతనికి తెలుసు. అది బిరుదనే అనుకుంటాడు.

ఒకప్పుడు అతనూ పోస్ట్‌డాకే. రెండుసార్లు దరఖాస్తు చేశాడు, రెండుసార్లూ తిరగ్గొట్టారు. అప్పుడు ఒకే గదిలో అతనితో ఉన్న మిత్రుడికి మాత్రం వచ్చింది. ఆ మిత్రుడిప్పుడు ఊరవతల యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసరు. ఆ పేరెత్తితే ఇతను ఇప్పటికీ మాట మారుస్తాడు.

అతని భార్య కూడా పోస్ట్‌డాకే. వయసు మీదపడ్డాక మింగడం ఎందుకు కష్టమవుతుందో, గొంతులోని నరాలు ఎక్కడ తడబడతాయో ముసలి ఎలుకల్లో వెతుకుతుంది. అత్తగారు ఆమెని 'ఎలుకల డాక్టరమ్మ' అని ముద్దుగా పిలుస్తుంది. కిందటేడాది ఆమె ఫెలోషిప్ ఇంటర్వ్యూ దాకా వెళ్లింది. ఆ ప్రపోజల్ అతను దగ్గరుండి దిద్దాడు. అక్కడిదాకా వెళ్లిందంటే తన చలవేనని అతనికి గట్టి నమ్మకం. ఇంటర్వ్యూలో పోయిందంటే మాత్రం ఆ కమిటీ వాళ్లకి బుర్ర లేదు.

ఈ ఏడాది గడువు దగ్గరపడుతోంది. ఆమె ఒక్క పేజీ కూడా చూపించలేదు.

"ఈసారి అప్లై చెయ్యవా?" అని అడిగాడు ఆ రోజే, బయల్దేరబోతూ.

"చూద్దాం లెండి."

"చూద్దామేంటి? డ్రాఫ్ట్ ఇస్తే ఆదివారం కూర్చుని..."

"నాకు బస్సు టైమవుతోందండీ," అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం సంస్థ లైబ్రేరియన్ ఎదురుపడింది. మనసు మంచిదే కానీ నోట్లో ఏ మాటా ఆగదు. "మీ ఆవిడ భలే కష్టపడుతోంది సార్! నిన్న ఊరవతల యూనివర్సిటీలో ఫెలోషిప్ ట్రైనింగ్‌కి వచ్చిందట కదా. మా చెల్లెలు అక్కడే పనిచేస్తుంది, చూసి చెప్పింది. మీరుండగా అక్కడికెందుకో అనుకున్నాం."

"నేనే పంపించాను," అన్నాడు వెంటనే. అనేశాక చెవులు వేడెక్కాయి.

నిన్న ఆమె ల్యాబ్‌కి వెళ్తున్నానంది. ఆ ట్రైనింగ్ నడిపేది ఎవరో అతనికి తెలుసు. సాక్షాత్తూ ఆ పాత మిత్రుడే.

రాత్రి భోజనాల దగ్గర మామూలుగా మాట కలిపాడు. "నిన్న ల్యాబ్‌లో ఎలా గడిచింది?"

"మామూలేనండీ. నేనూ, నా ఎలుకలూ."

అతను భార్య ముఖం నుంచి తల్లి ముఖంలోకి చూశాడు. తల్లి గబగబా పెరుగు గిన్నె అతని వైపు జరిపింది. అంటే అమ్మకీ తెలుసు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి తనకొక్కడికే తెలియదు. ముద్ద చేదుగా అనిపించింది.

అప్పటి నుంచి అతనికి ప్రతిదీ అనుమానమే అయింది. ఆమె ఫోను తీసుకుని వరండాలోకి వెళ్తే ఎవరితోనో అనుకున్నాడు. కొత్త చీర కట్టుకుంటే ఎందుకో అనుకున్నాడు. అన్నిటికన్నా అతన్ని తినేసిన ఆలోచన వేరే ఉంది. తను ఓడిపోయిన మనిషని, గెలిచినవాడి దగ్గరికి వెళ్లి నేర్చుకుంటే నయమని ఆమె అనుకుంటోందా? లేక ఆ వెళ్లడంలో నేర్చుకోవడం ఒక్కటే కాక ఇంకేమైనా ఉందా? ఇలా ఆలోచిస్తున్నందుకు తన మీద తనకే రోత పుట్టేది. అయినా ఆలోచన ఆగేది కాదు.

గడువు దాటిపోయిన రెండు నెలలకి ఒక మధ్యాహ్నం సంస్థలో కరెంటు పోయి క్లాసు రద్దయింది. అతను ఇంటికొచ్చేశాడు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు విప్పుతుంటే తల్లి గదిలోంచి భార్య గొంతు వినిపించింది. ఆ వేళ ఆమె ల్యాబ్‌లో ఉండాలి.

"ఇన్నేళ్లూ ఆయన నీడలోనే ఉన్నాను. ఆయన దగ్గర చాలా నేర్చుకున్నాను, కాదనను. కానీ ఇక బయటికి రావాలి. నాకంటూ ఒక చోటు కావాలి."

అతని చెయ్యి చెప్పు మీదే ఆగిపోయింది.

"బాగుందే అమ్మాయ్," అంది తల్లి గొంతు. "కానీ వణుకుతున్నావు. మరి ఆయన ఒప్పుకుంటారా అనడిగితే?"

"ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. ఒప్పుకోకపోయినా నేను ఆగను."

కన్నతల్లి! కొడుకు కాపురం కూలగొట్టే మాటలు కోడలికి దగ్గరుండి వల్లె వేయిస్తోంది! అతను ఒక్క తోపు తోశాడు తలుపుని.

"ఎన్నాళ్లుగా సాగుతోంది ఇది? వెళ్లిపోవాలనుకుంటే నా ముఖం మీద చెప్పు! వాడి దగ్గరికి వెళ్తున్నావని ఊరంతా కోడై కూస్తుంటే నేను మాత్రం వెర్రివాడిలా ల్యాబ్ ఎలా ఉందని అడుగుతున్నాను!"

లోపల తల్లి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, ముందు చిన్న బల్ల వేసుకుని, అచ్చం అధికారిలా ఉంది. ఎదురుగా భార్య చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికి వెళ్లిపోవడం?" అంది ఆమె అయోమయంగా.

"ఆయన నీడలోంచి బయటికి! నా చెవులారా విన్నాను."

తల్లి తల పట్టుకుంది. "ఒరేయ్ పిచ్చి నాయనా! ఆయనంటే నువ్వు కాదురా, అమ్మాయి ప్రొఫెసరు! ప్రొఫెసరు లేకుండా సొంతంగా పని చెయ్యగలవా అని అడుగుతారట ఇంటర్వ్యూలో. నేను కమిటీని. నా ఖర్మ కొద్దీ అప్పుడే ఊడిపడ్డావు."

తన క్లాసులో అందరిచేతా జవాబు చెప్పించే ప్రశ్నే అది. గుండెల మీంచి బండ దిగినట్టయింది. కానీ అది దిగిన చోటే ఇంకో మంట రేగింది.

"అంటే అప్లై చేసేశావు. ఇంటర్వ్యూ కూడా వచ్చింది. నాకు చెప్పలేదు."

"చెప్దామనే..."

"చెప్దామనే ఉంది కానీ కుదరలేదు, అంతేనా? ఊరంతా నా దగ్గరికొచ్చి నేర్చుకుంటుంటే, నా పెళ్లాం మాత్రం..."

"అది కాదండీ, పోయినసారి..."

"పోయినసారి ఏమైంది? ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లింది ఎవరు? కమిటీ వాళ్లు తెలివితక్కువవాళ్లైతే..."

తల్లి బల్ల మీద అరచేత్తో ఫట్టుమని కొట్టింది. "దాని మాట పూర్తి కానివ్వరా!"

ఆవిడ గొంతు పెంచడం అతను చిన్నప్పుడెప్పుడో విన్నాడు.

"నీకు తెలీదు కానీ ఈ ఇంట్లో ఎవరి మాటా నువ్వు చివరిదాకా విన్న పాపాన పోలేదు. నేను సగం అంటే మిగతా సగం నువ్వే అనేస్తావు. సర్లే, నాకంటే బాగా చెప్పాడులే అని ఊరుకుంటాను. కూర్చో. కూర్చుని విను."

అతను మంచం అంచున కూర్చున్నాడు. భార్య మెల్లిగా మొదలుపెట్టింది.

"పోయినసారి మీరు దిద్దిన ప్రపోజల్ చాలా బాగుందండీ. నాకంటే ఎంతో బాగా రాశారు. కమిటీలో ఒకావిడ అందులోంచి ఒక వాక్యం చదివి, 'ఇది అద్భుతంగా ఉంది, కాస్త వివరిస్తారా' అంది. మెచ్చుకుంటూనే అడిగింది. ఆ వాక్యం మీది. దాని వెనక ఏముందో నాకు తెలీదు. నోరు పెగల్లేదు. ఆ తర్వాత నాకు తెలిసినవి అడిగినా చెప్పలేకపోయాను. 'ఇది మీరే రాశారా?' అని అడిగింది చివర్లో."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇంటికొచ్చి మొదలుపెట్టాను. మీరు కమిటీని తిట్టడం మొదలుపెట్టారు. నన్ను వెనకేసుకొస్తున్నారు కదా, ఇంకేం చెప్పను? అయినా చెప్తే, 'నావల్లే పోయిందంటావా' అని బాధపడతారు. మీకు రాని ఫెలోషిప్ గురించి మీరెంత కుమిలిపోయారో నాకు తెలీదా?" ఆమె కళ్లు తుడుచుకుంది. "అక్కడ ట్రైనింగ్‌కి వెళ్లింది మీ మిత్రుడు గొప్పవాడని కాదు. అక్కడ నేనెవరి భార్యనో చాలామందికి తెలీదని. నా పిచ్చి రాతలు నేనే రాసుకోవచ్చని. అబద్ధం చెప్పాను, తప్పే. కానీ మీకు చూపిస్తే, మళ్లీ అది నాది కాకుండా పోతుందని భయమేసింది."

అతనికి ఏదో అనాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటల్ని మింగేశాడు. "ఇందాక చేస్తున్నది చెయ్యండి. నేను వింటాను," అన్నాడు.

"మాట్లాడకూడదు," అంది తల్లి.

"మాట్లాడను."

ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. "ఊఁ. అమ్మాయ్, ఈ పని నువ్వే ఎందుకు చెయ్యాలి? ఇంకెవరైనా చెయ్యొచ్చుగా?"

ఈ ప్రశ్నకి కిందటేడాది అతను రాసిచ్చిన జవాబు 'పెరుగుతున్న వృద్ధుల జనాభా నేపథ్యంలో' అని మొదలవుతుంది. ఇప్పటికీ కంఠతా వచ్చు.

"మా ఇంట్లో ఒక పెద్దావిడ ఉన్నారు," అంది భార్య. "ఆవిడకి మంచినీళ్లు తాగాలంటే భయం. పొరపోయి ఊపిరాడదని. అందుకని దాహం లేదని అబద్ధం చెప్తారు. ఎండాకాలంలో కూడా. పెదాలు ఎండిపోయి ఉంటాయి, అడిగితే ఇప్పుడే తాగానంటారు. ఒకరోజు ఆవిడ తలుపేసుకుని చెంచాతో నీళ్లు తాగడం చూశాను. నీళ్లు తాగడానికి దాక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదనిపించింది. నా ఎలుకల గొంతులో నరాలు ఎక్కడ ఆలస్యం చేస్తున్నాయో నాకు కొంత తెలిసింది. మిగతాది తెలుసుకోవాలి. అందుకే నేను చెయ్యాలి."

గొంతు వణకలేదు.

అతను తల్లి వైపు తిరిగాడు. "నిజమా అమ్మా?"

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. "నీకు చెప్దామని రెండుమూడుసార్లు అనుకున్నానురా. 'నీళ్లు తాగుతుంటే...' అని నేను మొదలుపెట్టేలోపల, 'నీళ్లు బాగా తాగమ్మా, మంచిది' అనేసి వెళ్లిపోతావు."

అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. తల్లి మోకాళ్ల దగ్గర కింద కూర్చుని, ఆవిడ ఒళ్లో ముఖం పెట్టుకున్నాడు. ఆవిడ అతని జుట్టులో వేళ్లు పెట్టి, "సర్లే, సర్లే, లే," అంది. భార్య పక్కన కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేసింది. "నిన్ను అనుమానించాను," అన్నాడతను, తల ఎత్తకుండానే. "ఏమేమి అనుకున్నానో చెప్పలేను కూడా."

"చెప్పకండి," అందామె. "నేనూ దాచాను కదా."

ఆ వారంలోనే తల్లిని గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు ఏమడిగినా అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. జవాబులన్నీ ఆవిడే చెప్పుకుంది.

ఇంటర్వ్యూ రోజున భార్యతో పాటు వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె బయటికొచ్చేసరికి అడగాల్సినవి గంపెడు పోగయ్యాయి. ఎవరున్నారు, ఏమడిగారు, ఎక్కడ తడబడ్డావు.

"అయిందా?" అని మాత్రం అన్నాడు.

"అయింది."

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. ఆమె ఏమీ మాట్లాడలేదు. బాగా జరగలేదేమో, ఫర్వాలేదు అనాలని అతనికి ఎంతగానో అనిపించింది. అనలేదు. బస్సు వచ్చి ఆగింది. ఎక్కబోతూ ఆమె చటుక్కున వెనక్కి తగ్గింది.

"ఏమైందంటే..." అని మొదలుపెట్టి, మాట కోసం వెతుక్కుంటూ ఆగింది.

ఆ ఆగిన చోట అతను కూడా ఆగాడు. కండక్టరు వాళ్ల వైపు చూసి విజిల్ వేశాడు. బస్సు వెళ్లిపోయింది.

ఫెలోషిప్ వచ్చిందన్న కబురు కొన్ని వారాల తర్వాత తెలిసింది. ఇల్లంతా సంబరమే అయింది. కానీ అతను ఎప్పుడు తల్చుకున్నా ఆ బస్టాపునే తల్చుకుంటాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి తన భార్య ఎంత బాగా మాట్లాడుతుందో మొదటిసారి తెలిసింది అక్కడే. ఇంకో బస్సు వచ్చింది, అదీ వెళ్లిపోయింది. ఆమె చెబుతూనే ఉంది.