నస్రత్ పెంచిన నాచు

"మీరమ్మిన చేపలు నాలుగు రోజులకే చచ్చిపోయాయండి."

రెండువేల అయిదు జూలైలో, గుంటూరులోని తన అక్వేరియం షాపులో రహమాన్ తలెత్తి చూశాడు. వానలో తడిసిన చున్నీ పిండుకుంటూ ఒకమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"నాచు పట్టనిచ్చారేమో," అన్నాడు.

"మీరిచ్చిన మందు వేసి నాచంతా చంపాను. అది నీళ్లలోనే కుళ్లింది. చేపల మలం, మిగిలిన మేత నీళ్లలో ఎరువవుతాయి. నాచు బతికుంటే ఆ ఎరువు తినేది. నేను ఎమ్మెస్సీ బోటనీ అండి, ఊరికే అనట్లేదు."

"అయితే చేసి చూపించండి," అన్నాడు రహమాన్ పంతంగా.

నస్రత్ చూపించింది. షాపులో పెద్ద తొట్టి పైన ప్లాస్టిక్ మెష్ వేలాడదీసి, పంపు నీళ్లు దానిమీదుగా జారేలా చేసి, పక్కనే ట్యూబ్‌లైటు పెట్టింది. నాచు అద్దాలు వదిలి మెష్ మీద దట్టంగా పెరిగింది. వారానికోసారి దాన్ని గీకి పారేస్తే ఎరువూ దాంతోపాటే పోయేది. నెల తిరిగేసరికి నీళ్లు తేటపడ్డాయి.

గీకడానికి ప్రతి ఆదివారం వచ్చేది.

"నేను గీకనా?"

"మీరు మొత్తం ఊడ్చేస్తారు. మళ్లీ పెరగడానికి సగం ఉంచాలి."

"చెయ్యి పట్టుకుని నేర్పొచ్చుగా."

"చేతినిండా నాచుందండి."

"ఫర్లేదు," అన్నాడు. ఆమె నవ్వాపుకుంటూ అటు తిరిగింది.

సెప్టెంబర్లో లోకల్ కేబుల్ టీవీ వాళ్లు షాపుకొచ్చారు. ఈ పద్ధతి ఎవరిదని అడిగారు.

"నాదేనండి. రెండేళ్లు కష్టపడ్డాను," అన్నాడు రహమాన్, కెమెరా వైపు చూస్తూ.

తర్వాతి ఆదివారం నస్రత్ గొడుగు మూయకుండా గుమ్మంలోనే ఆగింది.

"నా పేరెందుకు చెప్పలేదు?"

"ఆడపిల్ల పేరు టీవీలో చెబితే జనం ఏమనుకుంటారోనని..."

"జనం సంగతి నేను చూసుకునేదాన్ని. రెండేళ్లు కష్టపడ్డానన్నారే, అది కూడా నాకోసమేనా?"



"ఈ పండక్కి మీ ఇంటికి పెద్దవాళ్లని పంపాలనుకున్నాను నస్రత్," అన్నాడు రహమాన్.

"తెలుసు. అందుకే మొన్ననే అమ్మకి మీ గురించి చెప్పాను, ఈ మెష్ నాదేనని కూడా. రాత్రి టీవీ చూస్తూ అమ్మ అడిగింది, నువ్వు చెప్పిన అబ్బాయి ఇతనేనా అని."

"మీరేమన్నారు?"

"కాదన్నాను."