రెండు బద్దల కోలా

"మా అన్నయ్యే చంపాడేమోనని భయంగా ఉంది అంకుల్."

ఆ మాట అనేసి గీతాంజలి తలుపు వైపు చూసింది. సింగపూర్‌లోని ఆంగ్ మో కియోలో ఒక దుకాణం పైనున్న ఆ ఆఫీసులో డిటెక్టివ్ మధుసూదనరావు, ఆయన అసిస్టెంట్ భువన తప్ప ఎవరూ లేరు. భువన మంచినీళ్లు తెచ్చిచ్చింది. గీతాంజలి గ్లాసు పట్టుకుందే గాని తాగలేదు.

అది 1999. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు మొరాయిస్తాయన్న భయంతో అందరూ ప్రోగ్రాములు సరిచేయించుకుంటున్న రోజులు. ఆ పని చేసే కంపెనీలోనే గీతాంజలి, ఆమె అన్న వరుణ్ ఉద్యోగాలు చేస్తున్నారు. నైజీరియా నుంచి వచ్చిన ఒబిన్నా ఆమెకు అక్కడే పరిచయమయ్యాడు. ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. ఆదివారం సాయంత్రం ఒబిన్నా బిషాన్‌లోని తన గదిలో శవమై కనిపించాడు. విషం పట్టించిన కోలా గింజ తిన్నాడని పోలీసులు చెప్పారు.

"కోలా అంటే?" అడిగింది భువన.

"వాళ్లకి మన తాంబూలం లాంటిదండీ. ఇంటికొచ్చినవాళ్లకి పెడతారు. అతని ఫ్రెండ్ చిది దగ్గర ఆ గింజలుంటాయని పోలీసులు చిది పాస్‌పోర్టు తీసేసుకున్నారు. కానీ శనివారం అన్నయ్య ఒబిన్నా గదికెళ్లి, నలుగురిలో మా పరువు తీస్తే ప్రాణం తీస్తానన్నాడు."

"తీరా మీ అన్నయ్యే అని తేలితే? చెప్పమంటావా అమ్మా?" అడిగాడు మధుసూదనరావు.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "చెప్పండి," అంది.

ఇన్‌స్పెక్టర్ లిమ్ మధుసూదనరావుకు పాత పరిచయస్థుడు. గదిలో తీసిన ఫోటోలు చూపించాడు. బల్ల మీద పళ్లెం. అందులో గింజ రెండు బద్దలుగా విడిపోయి ఉంది. ఒక బద్ద కొరికి ఉంది, రెండోది కొరకకుండా అలాగే ఉంది.

"తలుపు తీసింది మావాళ్లే. పళ్లెం సంగతి బయట ఎవరికీ చెప్పలేదు," అన్నాడు లిమ్.

చిది జురాంగ్ వెస్ట్‌లో ఉంటున్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. ప్రశ్న ముందు అతనే అడిగాడు. "ఆ గింజలో ఎన్ని బద్దలున్నాయి సార్?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"మా ఇగ్బో జాతివాళ్లకు ఆ లెక్కే ముఖ్యం. నాలుగు బద్దలుంటే శాంతి, శుభం. మా సంతరోజులు కూడా నాలుగే. మూడుంటే వీరులకు పెడతాం. రెండే ఉంటే దాని మీద ప్రార్థన చెయ్యం." అతను తన దగ్గరున్న గింజలు విప్పి చూపించాడు. అన్నీ నాలుగు బద్దలవే.

మెట్లు దిగుతూ మధుసూదనరావు భువనతో అన్నాడు, "మనకీ నలుగురంటే లోకమే కదమ్మా."

వరుణ్ తల ఎత్తకుండా జవాబు చెప్పాడు. "అరిచాను అంకుల్. చెయ్యి చేసుకోబోయాను కూడా. చంపలేదు. ఆదివారం మా మేనేజర్ కృష్ణప్రసాద్ గారితో చెప్పుకుందామని వెళ్తే ఆయన ఇంట్లో లేరు. బ్యాంకు పని మీద నెల్లాళ్లు నైజీరియాలో, లాగోస్‌లో ఉండి వచ్చారు కదా, అప్పట్నుంచీ ఒకటే బిజీ."

కృష్ణప్రసాద్ మర్యాదగా కుర్చీ చూపించాడు. "బంగారం లాంటి కుర్రాడండీ. ఆ చిదిని నమ్మి చెడ్డాడు. గింజ రెండు ముక్కలు చేసి వీడికొకటి పెట్టి, రెండోది తను తిన్నట్టు నటించుంటాడు."

"మీరెప్పుడైనా కోలా చూశారా?"

"అబ్బే. పేరు వినడమే ఇప్పుడు."

మర్నాడు అందరినీ తన ఆఫీసుకు పిలిపించాడు మధుసూదనరావు. లిమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"గదిలో దొరికిన గింజకు రెండే బద్దలున్నాయి. చిది గానీ, మరో ఇగ్బో గానీ ఆప్తుడికి అలాంటిది పెట్టడు. ఆచారం తెలియనివాళ్లెవరో తెచ్చారు. వరుణ్‌కీ ఆచారం తెలియదు, కానీ అతనికి గింజ దొరికే దారి లేదు. ఆచారం తెలిసినవాళ్లు నాలుగనుకుంటారు. తెలియనివాళ్లకు అసలు లెక్కే తోచదు. రెండని తెలిసేది ఆ పళ్లెం చూసినవాళ్లకే." ఆయన పక్కకు తిరిగాడు. "రెండు ముక్కలని నాతో అన్నది మీరొక్కరే కృష్ణప్రసాద్ గారూ."

"నోటికొచ్చిందేదో అన్నాను! దాన్ని పట్టుకుని..."

"మాట జారితే నేరం రుజువు కాదు, నిజమే. కానీ నెల్లాళ్లు లాగోస్‌లో ఉండి కోలా పేరే వినలేదన్నారు. అందుకే మీ ఇల్లు వెతకమన్నాను."

లిమ్ ఒక పొట్లం విప్పాడు. కృష్ణప్రసాద్ సూట్‌కేసులో దొరికిన గింజలు. అన్నీ రెండు బద్దలవే. వాటితో పాటు చిన్న సీసా.

కృష్ణప్రసాద్ గోడకు చేరగిలబడ్డాడు. "ఒక ఆసుపత్రి ప్రోగ్రాం పరీక్షించకుండానే అంతా బావుందని పంపించేశాను. మందు మోతాదు తప్పి ఒక పెద్దాయన పోయాడు. ఒబిన్నా అది కనిపెట్టాడు. సోమవారం వెళ్లి ఆసుపత్రివాళ్లకి చెప్పేస్తానన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు."

చిది ఒక అడుగు ముందుకొచ్చాడు. "రెండు బద్దలది వాడెందుకు తిన్నాడు?"

"చూసి నవ్వాడు. మేం ఇది పెట్టుకోం, కానీ మీరు ఇంత దూరం మోసుకొచ్చారు, కాదంటే మీ మనసు కష్టపడుతుందన్నాడు. మీరూ తీసుకోండని రెండో బద్ద నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని మళ్లీ పళ్లెంలోనే పెట్టేశాను."

గీతాంజలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోలీసులు కృష్ణప్రసాద్‌ని తీసుకెళ్లిపోయారు.

వరుణ్ చెల్లెలి దగ్గరికొచ్చాడు. "నన్ను అనుమానించావా గీతా?"

"అనుమానించాను అన్నయ్యా. నువ్వు చెయ్యగలవనిపించింది."

ఆమె చిది వైపు తిరిగి, ఒబిన్నాను వాళ్ల ఊరికి ఎప్పుడు తీసుకెళ్తారని అడిగింది. తనూ వస్తానంది.