బుస వెనుక గొంతు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

అయినా ఆకాశంలో సూర్యుడి జాడ లేదు. కాటుక రంగు మేఘాలు నగరాన్ని కమ్ముకున్నాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఫెళఫెళమని ఉరిమింది... ఆ ఉరుముకు నేలమాళిగలోని ఇనుప అరలు గడగడ వణికాయి. ఆ అరల నిండా రికార్డులు! ఎవరూ పేరైనా వినని పాటల బృందాలవి. ప్రతి అట్ట మీదా ఎండుచెట్లు, సమాధులు, చంద్రవంక. గుడ్లగూబ కూడా ఒకటుంది గానీ, అచ్చులో ఉంది కాబట్టి అరవలేదు.

ఆ మాళిగకు అధిపతి పుర్రె. బల్ల మీద కపాలం పెట్టుకుని కూర్చుంటాడు గనక అందరూ అలాగే పిలుస్తారు. మరుగునపడ్డ బ్లాక్ మెటల్, అంటే చావునూ చీకటినీ అరుపులతో పాడే సంగీతం, క్యాసెట్లను వెతికిపట్టి, రికార్డులుగా మళ్లీ విడుదల చేయడం అతని వృత్తి. అందులోనూ చచ్చినవాళ్ల పాటలంటే మహా ప్రీతి. చచ్చినవాళ్లు ఎదురు చెప్పరు కదా!

ఇవాళ అతని చేతిలో ఉన్నది వాటన్నిటికన్నా అపురూపమైన క్యాసెట్టు. పాతికేళ్ల కిందట ఇదే గదిలో, తను డ్రమ్ములు వాయించగా, ఇరవై రెండేళ్ల స్నేహితుడు పాడినది. అట్ట మీద ఆ గాయకుడి బిరుదు శ్మశానాధీశ్వరుడు. ఇంట్లో చంటి.

చంటికి అప్పటికే ఒళ్లు కాలిపోయే జ్వరం. దగ్గితే నెత్తురు పడుతోంది. "ఆ దగ్గే బాగుందిరా, ఇంకొక్కసారి పాడు" అంటూ పుర్రె మూడు రోజులు తలుపు గడియ తీయలేదు. మూడో రోజున ఆఖరి ఊపిరి కూడా క్యాసెట్టులోకే ఎక్కింది. ఇలాంటివాణ్ణి స్నేహితుడని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు!

ఆ క్యాసెట్టును రికార్డుగా చెక్కడానికి యంత్రం ముందు కూర్చున్నది చంటి చెల్లెలు. నల్లని లక్కపూత పళ్లెం గిర్రున తిరుగుతుంటే, మొనదేలిన సూది ధ్వనిని గాడిగా చెక్కుతుంది. ఆ పళ్లెం నుంచే మిగతా ప్రతులన్నీ అచ్చవుతాయి. ఆ పనిలో ఆమెది అందెవేసిన చెయ్యి. ఒకప్పుడు పుర్రెను నోరారా అన్నయ్యా అని పిలిచిన పిల్ల. ఇప్పుడు అతని మొహం కూడా చూడకుండా కూర్చుంది. అయినా వచ్చింది... ఆసుపత్రిలో తల్లి చావుబతుకుల మధ్య ఉంది. "ఒక్కసారి చంటిగాడి గొంతు వినిపించవే" అన్నదే ఆ తల్లి కోరిక. ఆ గొంతు ఉన్నది ఈ ఒక్క క్యాసెట్టులోనే!

"చెక్కి ఇచ్చాక క్యాసెట్టు నాకిచ్చేస్తారుగా?"

"ఇస్తానన్నాగా అమ్మాయ్. ముందు పని కానియ్."

"టేపు నిండా బుస ఉంది. దాని వెనకాల ఏదో తట్టిన చప్పుడు కూడా. కాస్త శుభ్రం చెయ్యనా?"

పుర్రె కళ్లు నిప్పులు కక్కాయి.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా! ఆ బుసే దీని ప్రాణం. నీటుగా కడిగిన పాటలు లిఫ్టుల్లో వేసుకుంటారు, మన రికార్డుల్లో కాదు."

"మీ ఇష్టం" అని ఆమె మీట నొక్కింది. సూది దిగింది. వెంట్రుకలాంటి నల్లని పోగు పళ్లెం మీంచి చుట్టలు చుట్టలుగా లేచింది...

అప్పుడు పుర్రె కపాలం ముందు దీపం వెలిగించాడు. చంటి నెత్తురు తుడిచిన రుమాలును కాల్చి, ఆ భస్మాన్ని పళ్లెం అంచున పూశాడు. పెదవుల మీద ఏవో వికృత బీజాక్షరాలు!

"ఏంటది? ఏం చేస్తున్నారు?"

"బంధనం! వాడి ఆఖరి ఊపిరి ఈ గాడిలో పడగానే వాడు నా బానిస. ఇక ఏటా ఒక కొత్త ఆల్బమ్... ఎక్కడో దొరికిందంటాను!"

"చచ్చాక కూడా వదలవురా మా అన్నని?"

ఆమె లేవబోయింది. కాళ్లు కొయ్యబారిపోయాయి. కనుగుడ్లు పైకి తేలాయి... జుట్టు విరబోసుకుని శరీరం ఊగిపోయింది... ఆమె కంఠంలోంచి పురుష స్వరం, దగ్గుతో తెగిపోతున్న స్వరం, ఆక్రందనగా వెలువడింది! పుర్రె వికటాట్టహాసం చేశాడు.

"పాడు! ఇక నువ్వు పాడేది నా కోసమే!"

పాట ఆగింది. ఆఖరి ఊపిరికి ముందు మిగిలింది బుస ఒక్కటే... ఆ బుస వెనుక టక్... టక్... టక్...

"చంటీ! తలుపు తియ్యరా నాన్నా. రెండు ముద్దలు తిని పాడుకుందువుగానీ."

పాతికేళ్ల కిందట, గడియ వేసిన ఈ తలుపు అవతల నిలబడి పిలిచిన తల్లి! డ్రమ్ముల హోరులో ఆనాడు ఎవరికీ వినపడని పిలుపు!

ఊగుతున్న శరీరం ఒక్కసారిగా నిశ్చలమైంది. ఆ పురుష కంఠం పసివాడి గొంతులా పలికింది.

"వస్తున్నానమ్మా! వీడే తలుపు తియ్యనివ్వట్లేదు!"

పిడుగు పడ్డట్టు గడియ ఊడి ఎగిరిపడింది. కపాలం ముక్కచెక్కలైంది! పళ్లెం మీది నల్లని పోగు సర్రున లేచి పుర్రె మెడకు చుట్టుకుంది... ఒక చుట్టు... పది... వంద!

"ఆపు! ఆ పిలుపు చెరిపెయ్!" అని గావుకేక పెట్టాడు. ఆ కేక చంటి ఊపిరి పడాల్సిన ఆఖరి గాడిలో పడింది. చివర మళ్లీ మొదట్లోనే కలిసిపోయే గుండ్రని గాడి అది. సూది ఎత్తేదాకా ఆ కేకకు అంతం లేదు.

ఆమెకు తెలివి వచ్చేసరికి పుర్రె నోరు తెరుచుకుని నేల మీద శవమై పడి ఉన్నాడు. ఫోను మోగుతోంది. అవతల నర్సు.

"మీ అమ్మగారు ఇప్పుడే పోయారమ్మా. పోయేముందు తలుపు వైపు చూసి, 'వచ్చావా, అన్నం తిన్నావా?' అన్నారు. అక్కడ ఎవరూ లేరు."

కొడుకు తల్లి దగ్గరికి చేరాడు. మంచిదే. మరి చెల్లెలికో? ఆమె క్యాసెట్టు మళ్లీ వేసింది. అన్న గొంతు లేదు, అమ్మ పిలుపు లేదు. మొదటి నుంచి చివరి దాకా వట్టి బుస! ఆ గొంతుల కోసమే కదా ఈ నరకంలోకి దిగింది... ఆమె యంత్రం మీద తల వాల్చి భోరుమంది.

పళ్లెంలోనూ వాళ్ల గొంతులు లేవు; పుర్రె కేక మాత్రం పదిలంగా ఉంది. దాన్ని ఆమె తన చేతులతోనే అచ్చుకు పంపింది. మూడు వందల ప్రతులూ వారంలో అమ్ముడుపోయాయి. ఇంత నిజాయితీ ఉన్న కేక ఈ సంగీతంలో ఇంతవరకూ రాలేదని అభిమానులు రాశారు. రాత్రంతా సూది ఎత్తకుండా వింటున్నామని కూడా రాశారు.

ఇప్పుడు మళ్లీ విడుదల చేయమని ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయి. ఆమె ఇంటికి వచ్చి తలుపు వేసుకుని, క్యాసెట్టు బుస వింటూ వాటికి జవాబులు రాస్తుంది. ఇంతవరకూ ఎవరికీ కాదని రాయలేదు.